కుండీలో జుకినీ పెంపకము

దేశ రాజధానియగు ఢిల్లీలోను, దాని చుట్టునున్న నోయిడా, గాజియాబాదు, గురుగ్రాము, ఫరీదాబాదు నగరములలోను నివసించు తెలుగు కుటుంబములలో పెక్కింటికి పెరడు లేదు. స్వగ్రామమున పందిరిపై బీరపాదును, గోడపై సొరపాదును ప్రాకించిన గృహిణికి ఇచట నాలుగడుగుల బాల్కనీయో, ఉమ్మడి మేడమీద ఒక మూలయో మాత్రమే లభించుచున్నది. అయినను నిరాశపడ నక్కరలేదు. తీగవలె దూరముగా ప్రాకక, పొదవలె ఒకేచోట పెరిగి కాయలనిచ్చు గుమ్మడి జాతి మొక్క యొకటి కలదు. దానినే జుకినీ యందురు. దీనిని కుండీలో సులభముగా పెంచవచ్చును. పెంచువారు రెండు సంగతులను మాత్రము మరువరాదు. కుండీ క్రింద నీరు నిలువరాదు. చేదుకాయ కడుపులోనికి పోరాదు. ఈ రెంటివలన కలుగు కీడును ఢిల్లీ నగరము కన్నులార చూచియున్నది.

మొక్క పరిచయము

జుకినీకి మూలమైన జాతి అమెరికా ఖండమున పుట్టినది. నున్నగా, పొడవుగా, పచ్చగా నుండు నేటి రూపము ఇటలీ దేశమున ఏర్పడినది. దీనికి దగ్గరి చుట్టమగు గుండ్రని కాయను ఉత్తరాదివారు చప్పన్ కద్దూ అందురు. పూసా యని ప్రసిద్ధమైన భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు ఈ జాతిలో 'పూసా అలంకార్' అను సంకర రకమును రూపొందించియున్నారు. నమ్మకమైన అంగడిలో, తేదీ చూచి, విత్తనముల పొట్లమును కొనవలెను.

కుండీ, మన్ను

ఒక కుండీకి ఒకే మొక్క. కుండీ వెడల్పు 40 సెంటీమీటర్లకును, లోతు 30 సెంటీమీటర్లకును తగ్గరాదు. అడుగున రంధ్రము లుండవలెను. రంగులు, రసాయనములు నిలువచేసిన డబ్బాలను ఎంత కడిగినను వాడరాదు. తడిమన్నుతో నిండిన కుండీ 30 కిలోలకు పైగా తూగును గనుక దానిని పిట్టగోడపై ఎన్నడును పెట్టరాదు.

మంచి మన్ను రెండు పాళ్లు, బాగుగా చివికిన పశువుల ఎరువు లేక వానపాముల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు కలిపి నింపవలెను. మన్ను ఎచటిదో తెలిసికొనుట అవసరము. మురికినీరు పారిన చోటినుండి గాని, కర్మాగారముల చెంతనుండి గాని తేరాదు. యమునా తీరపు పల్లపు భూములలో తినుబండముల పంటలు పండింపరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించిన కారణము ఈ కలుషితమే.

విత్తు కాలము

జుకినీ మంచునకు ఓర్వదు, మండుటెండకును ఓర్వదు. ఢిల్లీలో రెండును కలవు. కావున కాలమెరిగి విత్తవలెను. జనవరి చివరి వారమున చిన్న గిన్నెలలో, రెండు సెంటీమీటర్ల లోతున, ఒక్కొక్క విత్తనము నాటి, ఇంటిలోపల వెచ్చని కిటికీచెంత ఉంచవలెను. రెండు మూడు ఆకులు వచ్చి, ఫిబ్రవరి మధ్యనాటికి చలి తగ్గిన పిమ్మట, వేళ్లు చెదరకుండ పెద్దకుండీలోనికి మార్చవలెను. విత్తిన ఏడెనిమిది వారములకు కోత మొదలగును. 'లూ' అను వడగాడ్పు వీచునప్పటికి పంట ముగియును. సెప్టెంబరులో విత్తిన, చలి ముదరకముందే రెండవ పంట చేతికి వచ్చును. దినమునకు ఆరు గంటలైనను ఎండ తగులుచోట కుండీ నుంచవలెను.

పూత, కాత

ఒకే మొక్కపై మగపూలును, ఆడుపూలును వేర్వేరుగా పూయును. తొలుత మగపూలు పూచి రాలిపోవుట చూచి దిగులుపడరాదు. ఆడుపువ్వు క్రింద వ్రేలంత పిందె యుండును. మగపువ్వు క్రింద సన్నని కాడ మాత్రమే యుండును. పై అంతస్తులకు తేనెటీగలు తక్కువగా వచ్చును గనుక పిందెలు పసుపుబారి కుళ్లిపోవుట కలదు. దీనికి ఉపాయమున్నది. ఉదయమున, పూలు ముడుచుకొనక ముందే, మగపువ్వును త్రుంచి, రెక్కలు తొలగించి, దాని పుప్పొడిని ఆడుపువ్వు నడిబొడ్డునకు మెల్లగా రాయవలెను. తరువాత నాలుగు మొదలు ఏడు దినములలో కాయ జానెడు పొడవై కోతకు వచ్చును. కాయలను ముదరనిచ్చినచో మొక్క క్రొత్త పిందెలు వేయుట తగ్గించును.

ఆకులపై బూడిదవంటి తెల్లని మచ్చలు కనబడిన, ఆ ఆకులను త్రుంచి పారవేయవలెను. నీటిని ఆకులపై గాక మొదట పోయవలెను. ఎర్రని పెంకుపురుగులను ప్రొద్దుట చేతితో ఏరి సబ్బునీటిలో వేయవలెను. దోమలకును, బొద్దింకలకును ఇంటిలో వాడు విషపు మందులను తినెడు మొక్కపై ఎన్నడును చల్లరాదు.

దోమకు తావీయరాదు

కుండీలోని మన్ను తడిగా నుండవలెను. క్రింది పళ్లెము పొడిగా నుండవలెను. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు ఏడిస్ దోమ ఇండ్లలో నిలిచిన తేటనీటిని కోరును. పూలకుండీల పళ్లెములు, కూలర్లు, మూతలేని తొట్లు దానికి పుట్టినిండ్లు. గ్రుడ్డు దోమగా మారుటకు వారము పది దినములు చాలును. గ్రుడ్లు తడి లేకున్నను నెలల తరబడి జీవించియుండును. కావున నీటిని పారబోసినంత మాత్రమున చాలదు. వారమున కొకసారి పళ్లెమును పీచుతో గట్టిగా రుద్ది, కడిగి, ఎండబెట్టవలెను.

1996లో ఢిల్లీలో డెంగీ చెలరేగినప్పుడు 10,000 మందికి పైగా జబ్బుపడిరి. 400 మందికి పైగా మరణించిరి. సెప్టెంబరులో విత్తిన జుకినీ సరిగా డెంగీ ప్రబలు దినములలోనే ఎదుగును. మన పళ్లెములో పుట్టిన దోమ మన గడప దాటి పొరుగువారి పసిబిడ్డను కుట్టును. ఇది ఇరుగుపొరుగు లందరి క్షేమమునకు సంబంధించిన విషయము.

చేదుకాయ విషము

గుమ్మడి కుటుంబపు మొక్కలలో కుకుర్బిటాసిన్ అను చేదు పదార్థము పుట్టుట కలదు. మేలురకపు జుకినీలో అది లేనట్లే యుండును. ఇతర జాతులతో పరాగము కలిసిన విత్తనము నాటినను, మొక్క ఎండకు వాడి నీటికి అలమటించినను ఆ చేదు పెరుగవచ్చును. కుండీలోని మన్ను త్వరగా వేడెక్కి ఆరిపోవును గనుక మేడమీది తోటవారు మరింత మెలకువతో నుండవలెను. ఎండ ముదిరిన దినములలో ఉదయసాయంకాలములు నీరు పోయవలెను. తమ తోటకాయలోని విత్తనమును దాచి మరల నాటరాదు.

2010లో ఢిల్లీలో ఒక శాస్త్రజ్ఞుడు ఆరోగ్యమునకై సొరకాయ రసమును కాకర రసముతో కలిపి త్రాగి ప్రాణము కోల్పోయెను. సొరకాయ చేదుగా నున్నదను సంగతి కాకర చేదులో మరుగుపడును గదా! పిమ్మట భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘము విచారించి, ముందుగా చిన్న ముక్క రుచి చూడవలెననియు, చేదుగా నున్న కాయను పారవేయవలెననియు సలహా ఇచ్చెను. 2015లో జర్మనీలోని హైడెన్‌హైమ్ పట్టణమున ఇంటితోటలో పండిన చేదు జుకినీ తిని 79 ఏండ్ల వృద్ధుడొకడు మరణించెను.

మనలో "చేదు ఒంటికి మంచిది" అను నమ్మకమున్నది. అన్నమును పారవేయుట పాపమను సంస్కారమును ఉన్నది. ఈ రెండును మంచివే కాని ఇచట అపాయకరములు. కాకరకు చేదు సహజగుణము. జుకినీ, సొర, బీర, దోసలకు అది సహజము కాదు. ఈ విషము ఉడికించినను పోదు. ఉప్పు, కారము, పులుసు దానిని విరువజాలవు. కావున ప్రతి కాయనుండియు చిన్న పచ్చి ముక్కను నాలుకకు తగిలించి చూడవలెను. చేదైన, దానిని ఉమిసి, కాయ మొత్తమును పారవేయవలెను. తిన్న పిమ్మట వాంతులు, కడుపునొప్పి, విరేచనములు కలిగినచో ఆలసింపక ఆసుపత్రికి పోవలెను. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. సకాల చికిత్సయే రక్ష.

ఆహారముగా జుకినీ

జుకినీలో నీరు 95 పాళ్లు. 100 గ్రాముల కాయలో ఇంచుమించు 17 కేలరీలు మాత్రమే యుండును. 'సి' విటమిను కొంత లభించును. ఇది ఏ వ్యాధికిని మందు కాదు. మనుష్యునకు దినమునకు 400 గ్రాముల కాయగూరలు, పండ్లు కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఒక్క కుండీ ఆ లోటు నంతయు తీర్పజాలదు. కాని పళ్లెమున కూరపాలు పెంచు అలవాటును నేర్పగలదు. లేతకాయను చెక్కు తీయక, బీరకాయవలెనే పెసరపప్పుతో వండవచ్చును, పచ్చడి చేయవచ్చును. మగపూలు బజ్జీలకు పనికివచ్చును.

తన చేత పెరిగిన కాయను పిల్లలు ఇష్టముతో తిందురు. కుండీకి నీరు పోయు పని బిడ్డకు అప్పగింపుడు. పళ్లెము తోము పని పెద్దలు చూచుకొనుడు. కోసిన కాయను రుచి చూచు పని వంటచేయువారు మరువకుందురు గాక. అప్పుడు ఆ మేడమీది చిన్నతోట ఇంటికి ఆరోగ్యమును, పొరుగునకు క్షేమమును చేకూర్చును.