కళ్లు తెరచి ఉంటే చాలదు

2014 జూలై 24 ఉదయం. నాందేడ్ నుండి మా కామారెడ్డి మీదుగా సికింద్రాబాద్ వెళ్తున్న ప్యాసింజరు రైలు మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర ఒక బడి బస్సును ఢీకొన్నది. ఆ దాటుదల వద్ద గేటు లేదు, కాపలాదారు లేడు. పది మందికి పైగా పసిపిల్లలు, బస్సు డ్రైవరు ప్రాణాలు కోల్పోయారు. తలచుకుంటే నేటికీ మా గుండె చెరువవుతుంది.

2019 జనవరి నాటికి దేశంలోని బ్రాడ్‌గేజి మార్గాలన్నిటిలో కాపలా లేని దాటుదలలను రైల్వేశాఖ తొలగించింది. మంచి పని జరిగింది. అయితే ప్రియ పాఠకులారా, ప్రమాదం ఉన్న ప్రతి చోటా గేటు పెట్టగలమా? బాట మీద, పొలంలో, మోటారు దగ్గర మన ఎరుకే మనకు గేటు.

ఎరుక అంటే ఏమిటి? మైకా ఎండ్స్‌లీ అనే అమెరికా శాస్త్రవేత్త 1995లో దీనిని మూడు మెట్లుగా వివరించారు. చుట్టూ ఉన్నదానిని గమనించడం మొదటిది. దాని అర్థం గ్రహించడం రెండవది. ఇక ఏమి జరుగబోతుందో ముందే ఊహించడం మూడవది.

కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి కోతల కాలంలో సాయంత్రం పూట మోటారు సైకిలుపై వెళ్తున్నామనుకుందాం. బాటపై ఒక పక్క వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టారు. కుప్పను చూశాము. ఇది మొదటి మెట్టే. ఎదురుగా వచ్చే లారీకి కూడా మిగిలింది ఆ సగం బాటేనని గ్రహించాలి. ఇద్దరమూ ఒకేసారి ఆ కుప్ప దగ్గరికి చేరతామని ఊహించి, ముందుగానే వేగం తగ్గించాలి. కుప్పను చూసి కూడా ఆగనివాడు మొదటి మెట్టు మీదనే నిలిచిపోయాడు.

చిన్న పనిలో మునిగి పెద్ద ప్రమాదాన్ని మరచిపోవడం చదువుకున్నవారికీ తప్పలేదు. 1972 డిసెంబరు 29 రాత్రి అమెరికాలోని మయామీ దగ్గర ఒక విమానం కూలింది. చక్రాలు దిగాయని తెలిపే చిన్న దీపం వెలగలేదని పైలట్లు దాని మీదే దృష్టి పెట్టారు. విమానం మెల్లగా కిందికి దిగిపోతున్న సంగతి వారు సమయానికి గమనించలేదు. సుమారు వంద మంది మరణించారు. చెడిపోయినది ఒక్క దీపమే!

మన బోరు మోటారు దగ్గర కూడా ఇదే ముప్పు పొంచి ఉంటుంది. కరెంటు లేదు కదా అని రైతు తీగపై చెయ్యి వేస్తాడు. ఆటో స్టార్టరు ఉంటే, కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరుగుతుంది. యంత్రం తన పని తాను చేసింది. కరెంటు ఏ క్షణాన్నైనా రావచ్చునన్న ఊహే మనకు లేకపోయింది. కాబట్టి మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టాలి. ఒకరు పనిలో ఉంటే మరొకరు స్టార్టరు దగ్గర నిలబడాలి. మక్కలు పట్టే మిషను దగ్గరా అంతే. కంకులు వేసేవారి కన్ను మిషను మీద ఉంటుంది. దగ్గరికి వచ్చే పిల్లలను, జారే కొంగును చూసే మనిషి వేరుగా ఉండాలి.

ఈ అలవాటు ఇంట్లోనే మొదలు కావాలి. బండి వెనుక కూర్చున్న పిల్లలను అడుగుదాం: "ఏమి కనబడుతున్నది? దాని అర్థమేమిటి? ఇప్పుడేమి జరుగవచ్చు?" రేపు వారే ట్రాక్టరు, బస్సు నడిపే రోజు వస్తుంది. ఆనాడు ఎందరో తల్లుల బిడ్డలు వారి ఎరుకపై ఆధారపడి ఉంటారు.