కేబులుకు ఒక నూనె, చైనుకు ఒకటి

హోసూరు దగ్గర మా తెలుగు బడికి ప్లస్ వన్ పిల్లలు ప్రభుత్వం ఇచ్చిన ఉచిత సైకిళ్ల మీదే వస్తారు. డిసెంబరు చలిలో ఒక ఉదయం గేటు ముందరి దిగుడులో ఒకడి బ్రేకు ఎంత నొక్కినా కదల్లేదు. కాళ్లు నేలకు ఆనించి ఆపాడు. విప్పి చూస్తే కేబులు గొట్టంలో కొబ్బరినూనె గడ్డకట్టి ఉంది. ఇంట్లో వాళ్లమ్మ పోసిందట. ఆమెను అనేదేముంది, ఏది పొయ్యాలో మేమెప్పుడైనా చెప్పామా?

కొబ్బరినూనె 24 డిగ్రీల కన్నా చల్లబడితే పేరుకుంటుంది. వేరుసెనగ నూనె పోనుపోను జిగురవుతుంది. కేబులుకు కుట్టుమిషను నూనె చాలు, పల్చన కాబట్టి లోపలికి దిగుతుంది. పోగులు తెగి ఉంటే మాత్రం కేబులు మార్చాల్సిందే.

చైనుకు అది నిలవదు. కాస్త చిక్కని కొత్త ఇంజినాయిలు మేలు. షెడ్డులో ఊరికే ఇచ్చే పాత నల్ల ఆయిల్లో ఇనుపరజను ఉంటుంది. గ్రీజు పూస్తే మా ఎర్రమట్టి దుమ్మంతా దానికే అంటుకుంటుంది. లింకుకో చుక్క వేసి, పెడలు వెనక్కి తిప్పి, పైన మిగిలింది పాతగుడ్డతో తుడిచేయండి. రిమ్ముకూ బ్రేకు రబ్బర్లకూ తగిలిందంటే బ్రేకు పట్టదు.

శనివారం ఆఖరి పీరియడులో పిల్లలతోనే ఈ పని చేయిస్తున్నాం. నూనె డబ్బా స్టాఫ్ రూము బీరువా మీద ఉంది.