బేరింగ్ షెల్ చెప్పే సాక్ష్యం: వేగపు పడవ ఇంజిన్‌లో అకాల అరుగుదల నిర్ధారణ

8.3.1 సమస్య స్వరూపం

"బేరింగులు పోయాయి" అనే మాటను వర్క్‌షాపుల్లో తరచూ వింటాం. అది నిర్ధారణ కాదు, లక్షణం మాత్రమే. జ్వరం వచ్చిందని చెప్పినంత మాత్రాన రోగమేమిటో తెలియదు కదా! కారణం కనుక్కోకుండా కొత్త షెల్స్ వేసి ఇంజిన్ మూసేస్తే అవి కూడా అదే దారిన పోతాయి. రెండోసారి క్రాంక్‌షాఫ్టు కూడా పాడవుతుంది. ఒక్కోసారి కనెక్టింగ్ రాడ్ విరిగి, సిలిండర్ బ్లాకును చీల్చుకొని బయటికి వస్తుంది. కారుకు ఇలా జరిగితే రోడ్డు పక్కన ఆగుతుంది. తీరానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో, అలల మధ్య ఉన్న పడవకు ఆ వెసులుబాటు లేదు.

ఈ భాగంలో మనం ఉదాహరణగా తీసుకునేది అమెరికాలో వేగపు పడవలకు విరివిగా వాడిన 454 ఘనపు అంగుళాల (సుమారు 7.4 లీటర్ల) షెవర్లే వి-8 పెట్రోలు ఇంజిన్. ఇది మొదట కార్లు, ట్రక్కుల కోసం తయారై తరువాత నీటిమీదికి వచ్చింది. విశాఖపట్నం, కాకినాడ రేవుల్లోని చేపల పడవలకు ఉండేవి నిదానంగా తిరిగే డీజిల్ ఇంజిన్లు. వాటికి ఇక్కడి అంకెలు వర్తించవు గాని, షెల్‌ను పరిశీలించే పద్ధతి వర్తిస్తుంది.

8.3.2 ఆయిల్ పొర

1883లో ఇంగ్లండులో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ, ఆయిల్ పోయడానికి బేరింగు పైభాగాన ఒక రంధ్రం వేశాడు. ఇరుసు తిరుగుతుంటే ఆయిల్ లోపలికి పోవడానికి బదులు ఆ రంధ్రంలోంచి పైకి పొంగింది. బిరడా బిగించాడు, అది బయటికి వచ్చేసింది. చెక్క మేకు కొట్టినా నిలవలేదు. తిరిగే జర్నల్ తనంతట తానే ఆయిల్‌ను సన్నని సందులోకి లాక్కొని, అక్కడ గొప్ప పీడనాన్ని పుట్టిస్తుందని దీనివల్ల తెలిసింది. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీనికి గణిత రూపం ఇచ్చాడు.

కాబట్టి భారాన్ని మోసేది ఆయిల్ పంపు ఇచ్చే పీడనం కాదు, జర్నల్ తిరగడం వల్ల పుట్టే పీడనం. పంపు పని ఆ సందుకు ఆయిల్ అందించడం మాత్రమే. విద్యార్థులు ఇక్కడ ఎక్కువగా పొరపడతారు. గేజీలో పీడనం బాగున్నంత మాత్రాన బేరింగు క్షేమంగా ఉన్నట్టు కాదు. ఆయిల్‌లో పెట్రోలు కలిసి పలచబడినా, గాలి బుడగలు చేరినా, భారం మితిమీరినా మైక్రాన్లలో ఉండే ఆ పొర తెగి, లోహం లోహాన్ని తాకుతుంది.

వి-8 రకం ఇంజిన్లలో సాధారణంగా వాడే మూడు లోహాల షెల్‌లో ఉక్కు వీపు, దానిమీద రాగి-సీసం మిశ్రమం, అన్నిటికీ పైన సీసం-తగరంతో కూడిన బూడిదరంగు పూత ఉంటాయి. ఈ పైపూత మందం సుమారు 0.025 మిల్లీమీటర్లు, పందెపు రకాల్లో ఇంకా తక్కువ. బూడిదరంగు పోయి ఎర్రని రాగి కనిపించిందంటే పైపూత అరిగిపోయిందని అర్థం.

8.3.3 నీటిమీద ఎందుకు కష్టం?

కారు ఎక్కువ సమయం ఇంజిన్ శక్తిలో కొద్దిభాగంతోనే నడుస్తుంది. పల్లంలో దొర్లుతుంది, గేరు మారుస్తుంది. పడవకు పల్లమూ లేదు, మార్చుకోవడానికి గేర్లూ లేవు. ప్రొపెల్లర్ తీసుకొనే శక్తి వేగపు ఘనానికి దాదాపు అనులోమంగా పెరుగుతుంది. సగం వేగం దగ్గర ఎనిమిదో వంతు శక్తి చాలు, పూర్తి వేగం దగ్గర ఇంజిన్ మొత్తం శక్తి కావాలి. పూర్తి థ్రాటిల్‌తో పావుగంట పరుగు అంటే పావుగంటసేపు నిటారు కొండ ఎక్కడమే.

ప్రొపెల్లర్ పిచ్ ఎక్కువైతే ఇంజిన్ నిర్ణీత వేగాన్ని అందుకోలేక మూలుగుతూ లాగుతుంది. అప్పుడు దహన పీడనం రాడ్ బేరింగు పై షెల్ మీద, మెయిన్ బేరింగు కింది షెల్ మీద పడుతుంది. దీనికి భిన్నంగా, పడవ అల మీంచి ఎగిరినప్పుడు ప్రొపెల్లర్ గాలిలో తిరిగి ఇంజిన్ వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. జడత్వ బలం వేగపు వర్గానికి అనులోమం. నిమిషానికి 5000 చుట్ల నుంచి 6000కు పోతే ఆ బలం 44 శాతం పెరుగుతుంది. ఈ దెబ్బ రాడ్ బేరింగు కింది షెల్‌కు, అంటే క్యాప్ వైపు షెల్‌కు తగులుతుంది. ఈ తేడాను బాగా గుర్తుపెట్టుకోండి; నిర్ధారణలో సగం దీనిమీదే ఆధారపడి ఉంటుంది.

పదునైన మలుపులో ఆయిల్ అంతా సంపులో ఒక పక్కకు చేరితే పంపు గాలిని పీలుస్తుంది. ఎగ్జాస్ట్‌లోకి వదిలే నీటి తుంపరలు, వాల్వులు ఎక్కువసేపు కలిసి తెరిచి ఉండే క్యామ్‌షాఫ్టు ఉంటే, వెనక్కి సిలిండర్‌లోకి రావచ్చు. ఇంకొకటి చాలామందికి తట్టనిది: చల్లని నీటితో పనిచేసే ఆయిల్ కూలర్ ఆయిల్‌ను మరీ చల్లగా ఉంచితే, అందులో చేరిన తేమ, పెట్రోలు ఆవిరై పోవు.

8.3.4 ఇంజిన్ విప్పకముందు

ముందుగా డ్యాష్‌బోర్డు గేజీని నమ్మకుండా, సరైన యాంత్రిక గేజీ తగిలించి, ఆయిల్ వేడెక్కాక పీడనం చూడాలి. నిమిషానికి ప్రతి 1000 చుట్లకు సుమారు 10 పి.ఎస్.ఐ. ఉండాలన్నది పాత వాడుక లెక్క. నికరమైన ప్రమాణం తయారీదారు పుస్తకంలోనిదే. మలుపుల్లో ముల్లు పడిపోతోందా అని పడవ నడిపే మనిషిని అడగండి.

తరువాత ఆయిల్ ఫిల్టర్‌ను కోసి చూడాలి. హాక్సా వాడకూడదు, దాని రజను ఫిల్టర్‌లో పడి మనల్నే తప్పుదారి పట్టిస్తుంది. గుండ్రంగా తిరుగుతూ కోసే కట్టర్ వాడి, కాగితపు మడతలు విప్పి వెలుతురులో చూడండి. అయస్కాంతానికి అంటుకునేవి ఇనుప ముక్కలు. అంటుకోకుండా ఎర్రగా మెరిసేవి బేరింగు రాగి అయి ఉండవచ్చు. ప్రయోగశాలలో ఆయిల్ పరీక్ష చేయిస్తే సీసం, తగరం, రాగి బేరింగును, సిలికాన్ దుమ్మును, సోడియం సముద్రపు నీటిని లేదా కూలెంట్‌ను సూచిస్తాయి. ఒక్క పరీక్ష కంటే వరుస పరీక్షల్లో పెరుగుదల ఎక్కువ చెబుతుంది.

8.3.5 షెల్స్‌ను చదవడం

విప్పుతున్నప్పుడే ప్రతి షెల్ వీపు మీద సిలిండర్ సంఖ్య, పై లేక కింది షెల్ అన్న గుర్తు రాయాలి. తుడవకముందే ఫొటో తీయాలి. గుర్తులు లేని పదహారు షెల్స్‌ను ఒక డబ్బాలో పోసి తెచ్చి "ఎందుకు పోయాయో చెప్పండి" అని అడిగితే ఎవరూ చెప్పలేరు.

షెల్స్‌ను క్రాంక్‌షాఫ్టులో ఉన్న వరుసలోనే బల్లమీద పేర్చండి. ఒకే ఒక్క షెల్ చెడితే కారణం అక్కడే వెతకాలి: షెల్ వెనక చిక్కుకున్న రజను, వంగిన రాడ్, గుండ్రతనం తప్పిన రంధ్రం. రాడ్ వంగితే పై షెల్ ఒక అంచున, కింది షెల్ దానికి ఎదురు అంచున అరుగుతాయి. మెయిన్ బేరింగుల్లో మధ్యది ఎక్కువగా, చివరివి తక్కువగా అరిగితే క్రాంక్‌షాఫ్టు వంపును, బ్లాకు రంధ్రాల వరుసను తనిఖీ చేయాలి. అన్ని షెల్స్ మీద చుట్టూ గీతలు, పొదిగినట్టు నలుసులు ఉంటే ఆయిల్‌లో మురికి. పూత కరిగి పూసుకుపోయి, జర్నల్ నీలంగా మారితే ఆయిల్ అందలేదు.

కొలతలూ కావాలి. జర్నల్‌ను మైక్రోమీటరుతో అనేక చోట్ల, షెల్స్ బిగించిన రంధ్రాన్ని బోర్ గేజీతో, షెల్స్ కలిసే గీతకు 90 డిగ్రీల దిశలో కొలవాలి. సందు రెట్టింపైతే, మిగతా పరిస్థితులు మారకపోతే, బయటికి పోయే ఆయిల్ దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. అరిగిన ఇంజిన్‌లో పీడనం అంత త్వరగా ఎందుకు పడిపోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

8.3.6 ఒక ఊహా ఉదాహరణ

మరమ్మతు జరిగి 40 గంటలే నడిచిన 454 ఇంజిన్ అనుకుందాం. ఫిల్టర్‌లో ఎర్రని రేకులు ఉన్నాయి. యజమాని తప్పంతా క్రాంక్‌షాఫ్టు గ్రైండింగు చేసిన లేత్ పనివాడిదే అంటున్నాడు. విప్పి చూస్తే ఎనిమిది రాడ్ పై షెల్స్ నడుమ రాగి తేలింది. కింది షెల్స్ బూడిదరంగుతో బాగున్నాయి. మెయిన్ బేరింగుల్లో దీనికి తలకిందులుగా కింది షెల్స్ అరిగాయి. జర్నళ్ల కొలతలు సరిగ్గా ఉన్నాయి, నీలిరంగు లేదు, నలుసులు లేవు.

మురికి గాని, ఆయిల్ కొరత గాని అయితే ఇలా ఒక పక్కనే ఎంచుకొని అరగదు. భారం దహనం వైపునుంచే వచ్చింది. అప్పుడు అడగవలసిన ప్రశ్న: పూర్తి థ్రాటిల్‌లో ఇంజిన్ ఎన్ని చుట్లు అందుకుంటోంది? నిర్ణీత వేగం 4600 నుంచి 5000 ఉండగా 4200 దగ్గరే ఆగిపోతోందని తేలితే, అనుమానం ప్రొపెల్లర్ మీదికి పోతుంది. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే వేగం సుమారు 150 నుంచి 200 చుట్లు పెరుగుతుందన్న వాడుక లెక్కన, మూడు అంగుళాలు తక్కువ పిచ్ ఉన్న ప్రొపెల్లర్‌తో పరీక్షించవచ్చు. దానికి ముందు స్పార్క్ ప్లగ్గుల మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లని చుక్కలు ఉన్నాయేమో చూడాలి. ఉంటే డిటొనేషన్ జరిగింది. ఇగ్నిషన్ టైమింగును, పెట్రోలు ఆక్టేన్‌ను కూడా సరిచూడాలి. లేత్ పనివాడి మీద నింద మోపడానికి మాత్రం ఈ షెల్స్‌లో ఆధారం లేదు.

కొత్త షెల్స్ వేసేముందు ఆయిల్ గ్యాలరీల ప్లగ్గులు విప్పి బ్రష్‌తో కడగాలి. ఆయిల్ కూలర్‌ను మార్చడమే మంచిది. దాని సన్నని గొట్టాల్లో దాగిన రాగి రేకులు ఎంత కడిగినా పూర్తిగా రావు. మొదటి పరుగులోనే కొత్త బేరింగుల్లోకి చేరతాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పై ఉదాహరణలో రాడ్ బేరింగు పై షెల్స్ బాగుండి, క్యాప్ వైపు షెల్స్ అరిగి ఉంటే, పడవ నడిపిన మనిషిని మీరు ముందుగా ఏమి అడుగుతారు? ఎందుకు?