గ్యాస్ ఉంది, దారే లేదు

"షేల్‌లో అంత గ్యాస్ ఉంటే బోరు వేసి తీసుకోవచ్చు కదా?" అని మెకానికల్ ఫ్రెండ్ ఒకడు మెస్‌లో అడిగాడు. మంచి ప్రశ్నే. జవాబంతా పర్మియబిలిటీలో ఉంది.

రాయిలో ఖాళీ ఎంతుందో చెప్పేది పోరాసిటీ. ఆ ఖాళీల గుండా నీరో, గ్యాసో ఎంత సులువుగా కదులుతుందో చెప్పేది పర్మియబిలిటీ. ఈ రెంటినీ కలిపేసి రాసేవాళ్ళు మా క్లాసులోనే బోలెడుమంది! నల్లరేగడి చేను చూసినవాళ్ళకి మాత్రం తేడా ఇట్టే తెలుస్తుంది. రేగడి బోలెడు నీళ్ళు పట్టుకుంటుంది, ఓ పట్టాన వదలదు. ఏటి ఇసుకలో పోస్తే చూస్తుండగానే దిగిపోతాయి. షేల్ కూడా అలాంటి బంకమట్టి, సన్నటి ఒండ్రు కోట్ల ఏళ్ళు నొక్కుకుపోయి రాయి అయినదే.

1856లో హెన్రీ డార్సీ ఫ్రాన్స్‌లోని డిజోన్ నీటి సరఫరా గురించి రాస్తూ, ఇసుకలో నీరు ఎలా పారుతుందో సూత్రం చెప్పాడు. ఆయన పేరే ఇప్పుడు యూనిట్. మంచి ఇసుకరాయి పదుల, వందల మిల్లీడార్సీల్లో ఉంటుంది. షేల్ నానోడార్సీల్లో! మిల్లీకి, నానోకి మధ్య పది లక్షల రెట్ల తేడా. పైగా కొంత గ్యాస్ రాతిలోని సేంద్రియ పదార్థానికి అతుక్కుని ఉంటుంది. ప్రెషర్ తగ్గితేగానీ ఊడిరాదు.

అమెరికాలోని టెక్సస్‌లో జార్జ్ మిచెల్ కంపెనీ 1981లో బార్నెట్ షేల్‌లో మొదటి బావి తవ్వింది. గిట్టుబాటయ్యే పద్ధతి దొరికింది మాత్రం 1990ల చివర్లో. ఖరీదైన జెల్ మానేసి, ఎక్కువ నీళ్ళు, కాస్త ఇసుక, జారుడు కోసం కొద్దిగా కెమికల్ కలిపి గట్టి ప్రెషర్‌తో కొట్టారు. రాయి పగిలింది, ఇసుక ఆ పగుళ్ళు మూసుకోకుండా ఆపింది.

నాకు బాగా నచ్చిన పాయింట్ ఇక్కడుంది. పగుళ్ళ మధ్య మిగిలిన రాయి పర్మియబిలిటీ ఏమీ పెరగలేదు. గ్యాస్ నడవాల్సిన దూరం తగ్గిందంతే. ఇలాంటి ప్రవాహంలో పట్టే టైమ్ దూరం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, దూరం పదో వంతైతే టైమ్ నూరో వంతు అవుతుంది.

అయితే పగులు పక్కనున్న గ్యాస్ ముందే వచ్చేస్తుంది, లోపలిది నత్తనడకే. అందుకే ఇలాంటి బావుల్లో మొదటి ఏడాదిలోనే ఉత్పత్తి సగానికి పైగా పడిపోవడం మామూలు. అప్పుడు ఇంకో బావి, ఆ తర్వాత ఇంకోటి. ఒక్కో దానికి కోటి లీటర్ల పైనే నీళ్ళు. మన కృష్ణా-గోదావరి బేసిన్‌లోనూ రాఘవాపురం షేల్ ఉంది, పైన వరిచేలున్నాయి. అక్కడ షేల్ గ్యాస్ అని వార్త వస్తే, బావులెన్ని, నీళ్ళు ఏ కాలవ నుంచి అన్నదే నేను ముందు వెతుకుతాను.