పేగువాపు వ్యాధి – స్వీయసంరక్షణ

జలుబు, జ్వరం వంటి రుగ్మతలు కొన్నాళ్లు బాధించి తొలగిపోతాయి. మధుమేహం, ఉబ్బసం వంటివి జీవితాంతం మనిషిని వెన్నంటి ఉంటాయి. పేగువాపు వ్యాధి ఈ రెండవ కోవకు చెందినది. ఇది ఎక్కువగా 15 నుంచి 35 సంవత్సరాల వయసులో, అంటే చదువు, ఉద్యోగం, వివాహం వంటి ముఖ్య ఘట్టాల వేళ బయటపడుతుంది. అందుచేత యువతీయువకులు దీనిని గురించి తెలుసుకోవడం అవసరం.

శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి జీర్ణనాళంలో ఎడతెగని వాపును కలిగించడమే ఈ వ్యాధి స్వరూపం. ఇందులో ముఖ్యమైన రకాలు రెండు. పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడితే దానిని అల్సరేటివ్ కొలైటిస్ అంటారు. నోటి నుంచి మలద్వారం వరకు ఎక్కడైనా వచ్చి, పేగు గోడ లోతులకు సైతం పాకగలిగినది క్రోన్స్ వ్యాధి. న్యూయార్కు వైద్యుడైన బరిల్ క్రోన్ 1932లో తన సహచరులతో కలిసి దీనిని వివరించినందువల్ల ఆ పేరు వచ్చింది. ఇవి అంటువ్యాధులు కావు.

తరచు విరేచనాలు, మలంలో రక్తం, కడుపునొప్పి, బరువు తగ్గడం, నీరసం దీని లక్షణాలు. ఇవి నలుగురిలో చెప్పుకోదగినవి కావని సిగ్గుపడి చాలామంది దాచుకొంటారు. కొందరు మొలలని భావించి సొంతవైద్యం చేసుకొంటారు. మన దేశంలో ఎక్కువగా కనిపించే పేగు క్షయ కూడా క్రోన్స్ వ్యాధిని పోలి ఉంటుంది. రెండింటి చికిత్సలు వేరు. కనుక తగిన పరీక్షలతో వైద్యుడే వ్యాధిని నిర్ణయించాలి.

ఈ వ్యాధి కొంతకాలం విజృంభిస్తుంది, కొంతకాలం శాంతిస్తుంది. శాంతించిన దశలో రోగి తనకు నయమైందని భ్రమపడి మందులు మానివేయడం పెద్ద పొరపాటు. అది నివురుగప్పిన నిప్పు. బాధ లేని రోజుల్లో కూడా వైద్యుడు చెప్పిన మందులు క్రమం తప్పక వాడడమే స్వీయసంరక్షణలో మొదటి సూత్రం. స్టెరాయిడ్లను హఠాత్తుగా ఆపడం ప్రాణాపాయం కావచ్చు. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వ్యాధిని రెచ్చగొట్టవచ్చు. వాటిని వైద్యుని అడగకుండా వాడరాదు. పొగతాగడం క్రోన్స్ వ్యాధిని మరింత తీవ్రం చేస్తుంది.

ఆహారం విషయంలో అందరికీ వర్తించే ఒకే పథ్యం లేదు. ఏది తిన్నప్పుడు బాధ కలిగిందో ఒక పుస్తకంలో రాసుకొంటే, తనకు సరిపడనిది ఏదో రోగికే తెలుస్తుంది. వ్యాధి ముదిరినప్పుడు కారం, వేపుళ్లు, పచ్చి కూరగాయలు తగ్గించి, మెత్తగా ఉడికిన అన్నం, పప్పు, ఇడ్లీ వంటివి కొద్దికొద్దిగా తీసుకోవడం మేలు. విరేచనాలు అధికమైతే ఓఆర్ఎస్ ద్రావణం తాగాలి. భయంతో అన్నీ మానివేస్తే రక్తహీనత, ఎముకల బలహీనత ఏర్పడతాయి.

వ్యాధికి మానసిక ఒత్తిడి మూలకారణం కాదు. కాని బాధను పెంచుతుంది. సరిపడినంత నిద్ర, తేలికైన వ్యాయామం, మనసు విప్పి మాట్లాడగల మిత్రుడు ఎంతో ఊరటనిస్తారు. కళాశాలలో ఒక అధ్యాపకునికైనా విషయం తెలిపి, తరగతి మధ్యలో వెళ్లడానికి ముందే అనుమతి పొందడం మంచిది. ప్రయాణాల్లో మందులు, మార్చుకొనే దుస్తులు వెంట ఉంచుకోవాలి. తరచు లేచి వెళ్లే సహాధ్యాయిని చూసి నవ్వకపోవడం తక్కినవారి కర్తవ్యం.

అధిక రక్తస్రావం, తీవ్రమైన కడుపునొప్పి, జ్వరం, ఆగని వాంతులు కనిపిస్తే జాగు చేయక ఆసుపత్రికి వెళ్లాలి. పెద్దపేగులో వ్యాధి ఏళ్ల తరబడి ఉన్నవారికి క్యాన్సర్ ముప్పు కొంత పెరుగుతుంది. కాబట్టి వైద్యుడు సూచించిన కాలానికి కొలనోస్కోపీ చేయించుకోవాలి.

ఈ వ్యాధిని సమూలంగా నిర్మూలించే మందు ఇంకా లేదు. అయినా క్రమశిక్షణతో దానిని అదుపులో ఉంచి చదువుకొన్నవారు, ఉద్యోగాలు చేస్తున్నవారు, సంసారాలు దిద్దుకొన్నవారు ఎందరో ఉన్నారు. రోగాన్ని దాచుకోవడం ధైర్యం కాదు. తెలుసుకొని దానితో మెలగడమే నిజమైన ధైర్యం.