31 మంది ఈత, ఊళ్లకు ఊళ్ల మోత

నరసన్నపేటలో 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి విశాఖ వైపు సుమారు 100 కిలోమీటర్లు వెళితే భీమునిపట్నం వస్తుంది. 2016 జులై 12న అక్కడ ఐఎన్ఎస్ కర్ణ మొదలైంది. అది మన నౌకాదళ మెరైన్ కమాండోల స్థావరం. మార్కోస్ అని పిలిచే ఈ దళం పుట్టింది 1987లో. శత్రువు చేతిలో ఉన్న తీరానికి రాత్రివేళ ఈదుకుంటూ వెళ్లి ఓడలు పేల్చే విద్యను మాత్రం మన నౌకాదళం అంతకు 16 ఏళ్ల ముందే నేర్పింది. నేర్చుకున్నవాళ్లు తూర్పు బెంగాల్, అంటే నేటి బంగ్లాదేశ్ కుర్రాళ్లు.

1971 అనగానే మన తీరంలో అందరికీ గుర్తొచ్చేది ఘాజీ. డిసెంబరు 3-4 రాత్రి విశాఖ బయట మునిగిపోయిన ఆ పాకిస్తాన్ జలాంతర్గామి మీద సినిమా కూడా వచ్చింది. దానికి మూడున్నర నెలల ముందు ఇదే బంగాళాఖాతం పై కొసన జరిగిన ఆపరేషన్ జాక్‌పాట్ గురించి మన దగ్గర చెప్పుకునేవాళ్లు తక్కువ. ఈ తీరంలో ఉండే మనకు ఘాజీ కథ కన్నా ఆ కథే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

ఆ కథ 8 మందితో మొదలైంది. ఫ్రాన్స్‌లోని తులోన్ రేవులో పాకిస్తాన్ జలాంతర్గామి మాంగ్రోలో పనిచేస్తున్న బెంగాలీ నావికులు ఢాకాలో సైన్యం సాగించిన మారణకాండ గురించి విన్నారు. ఓడ విడిచి పారిపోయి, స్పెయిన్ మీదుగా 8 మంది ఏప్రిల్‌లో భారత్ చేరారు. మే నెలలో ప్లాసీ దగ్గర భాగీరథి ఒడ్డున రహస్య శిబిరం వెలిసింది. దాని సంకేతనామం సీ2పీ. శిక్షణ బాధ్యత కమాండర్ ఎం.ఎన్. సామంత్‌ది. మన కరంజ్ జలాంతర్గామికి తొలి కమాండర్ ఆయనే. శిక్షణకు వచ్చినవాళ్లలో ఎక్కువమంది చదువుకునే పిల్లలు, పల్లెల కుర్రాళ్లు. కాలువల్లో, చెరువుల్లో ఈదుతూ పెరిగినవాళ్లు. ఒంటికి బరువు కట్టుకుని గంటల తరబడి ఈదడం, చప్పుడు కాకుండా మునగడం, ఓడ అడుగుకు మందుపాతర అంటించడం నేర్పారు. యుద్ధం ముగిసేనాటికి ఇలా తయారైనవాళ్లు 515 మంది.

ఒక్కొక్కరి చేతికి ఇచ్చిన సరంజామా చాలా కొద్ది. కాళ్లకు తొడుక్కునే రెక్కలు, ఒక కత్తి, ఒక లింపెట్ మైన్. ఆ మైన్ బరువు 5 కిలోల పైచిలుకు. అయస్కాంతంతో ఓడ అడుగుభాగాన్ని పట్టుకుంటుంది. నీటిలో కరిగే బిళ్ల ఒకటి అందులో ఉంటుంది. అది కరిగిపోయాక మైన్ పేలుతుంది. ఆ కొద్ది వ్యవధిలోనే ఈతగాడు ఒడ్డు చేరుకోవాలి. దాడి ఎప్పుడో చెప్పడానికి వైర్‌లెస్ కూడా వాడలేదు. ఆకాశవాణి కలకత్తా కేంద్రం రెండు పాటలు వినిపించింది. పంకజ్ మల్లిక్ పాడిన పాట వస్తే సిద్ధంగా ఉండాలి, బొమ్మను అత్తారింటికి పంపే పిల్లల పాట వస్తే కదలాలి. ఇంటింటా వినే రేడియోలో ఆజ్ఞ వచ్చింది కాబట్టి శత్రువుకు అనుమానం రాలేదు.

ఆగస్టు 15 అర్ధరాత్రి దాటాక చిట్టగాంగ్, మోంగ్లా, చాంద్‌పూర్, నారాయణ్‌గంజ్ రేవులపై ఒకే రాత్రి దాడి జరిగింది. చిట్టగాంగ్‌కు 60 మంది బయల్దేరారు. 20 మంది జట్టు ఒకటి సమయానికి చేరలేదు, ఇంకో 9 మంది పాల్గొనలేదు. కర్ణఫులి నదిలోకి దిగినవాళ్లు 31 మంది. 1.40 ప్రాంతంలో పేలుళ్లు మొదలయ్యాయి. దెబ్బతిన్న ఓడల్లో అల్ అబ్బాస్ 10,418 టన్నులు, హర్మూజ్ 9,910 టన్నుల సరుకుతో వచ్చాయని ప్రచురితమైన లెక్క. రెండూ కలిపి 20,328. తలకు 650 టన్నుల పైమాటే. అదంతా నీటిపాలైందని అనుకోకూడదు, కొంత అప్పటికే దించి ఉండవచ్చు. అయినా అసలు దెబ్బ వేరే చోట తగిలింది. ఆ రేవులకు సరుకు తేవాలంటే విదేశీ ఓడలకు భయం పట్టుకుంది.

నవంబరు దాకా సాగిన ఈ దాడుల్లో మునిగినవీ పాడైనవీ 15 ఓడలు, 11 కోస్టర్లు, 7 గన్‌బోట్లు, 11 బార్జీలు, 2 ట్యాంకర్లు, 19 నదీ పడవలని చెబుతారు. మొత్తం 65. కమాండోలలో చనిపోయినవాళ్లు 8 మంది, గాయపడినవాళ్లు 34, పట్టుబడినవాళ్లు 15.

ఈ 8 అనే అంకె దగ్గర ఆగాలి. 515 మందిలో 8 అంటే 64 మందికి ఒకరు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇలాంటి పనికే బ్రిటిష్ మెరైన్లు 10 మంది 1942 డిసెంబరులో 5 చిన్న పడవల్లో ఫ్రాన్స్‌లోని బోర్డో రేవు వైపు వెళ్లారు. 6 మందిని జర్మన్లు కాల్చి చంపారు, ఇద్దరు చలికి చనిపోయారు. ప్రాణాలతో తిరిగొచ్చింది ఇద్దరే. వాళ్లనూ ఫ్రెంచి కుటుంబాలే దాచి స్పెయిన్ సరిహద్దు దాటించాయి. ధైర్యంలో ఎవరూ ఎవరికీ తీసిపోరు. తేడా ఒడ్డున ఉంది. బెంగాలీ కుర్రాడు ఒడ్డెక్కి లుంగీ కట్టుకుంటే ఊళ్లో మనిషైపోతాడు. మాట, ముఖం, నడక అన్నీ అక్కడివే. కూరగాయల బుట్టల కింద మైన్లు మోసినవాళ్లు, పడవ దాటించినవాళ్లు, అన్నం పెట్టి పడుకోబెట్టిన ఇల్లాళ్లు, వీళ్లెవరూ 515లో లేరు. వాళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు.

మూల్యం మాత్రం వాళ్లే చెల్లించారు. పేలుళ్ల తర్వాత పాకిస్తాన్ సైన్యం నదీతీర పల్లెలపై పగ తీర్చుకుంది. 1943లో జపాన్ చేతిలో ఉన్న సింగపూర్‌లోనూ ఇదే జరిగింది. సెప్టెంబరు 26న మారువేషం వేసుకున్న చేపల పడవ క్రెయిట్ నుంచి మిత్రరాజ్యాల కమాండోలు 6 మంది 3 చిన్న పడవల్లో రేవులోకి వెళ్లి ఆరేడు జపాన్ ఓడలను దెబ్బతీశారు. క్రెయిట్‌లోని 14 మందీ క్షేమంగా ఆస్ట్రేలియా చేరారు. ఆ పని ఎవరిదో జపాన్ పోలీసులకు తెలియలేదు. అక్టోబరు 10 నుంచి సింగపూర్‌లో 57 మందిని పట్టుకుని హింసించారు. ఆ దాడితో ఏ సంబంధమూ లేని 15 మంది నిర్బంధంలో చనిపోయారు. దాడి గొప్పతనం చెప్పే ప్రతి పుస్తకంలో ఆ 14 పక్కనే ఈ 15 కూడా ఉండాలి.

2008 నవంబరులో ముంబయికి వచ్చినవాళ్లు సైనికులు కారు, హంతకులు. అయినా తీరాన్ని వాళ్లూ ఇలాగే వాడుకున్నారు. కుబేర్ అనే చేపల పడవను పట్టుకుని, అందులోని ఐదుగురు మత్స్యకారులను చంపి, 10 మంది ఒడ్డు చేరారు. 166 మంది ప్రాణాలు పోయాయి. తొలి బలి సముద్రం మీద బతికేవాళ్లే.

ఆ తర్వాతే పడవల రిజిస్ట్రేషన్, మత్స్యకారులకు గుర్తింపు కార్డులు పకడ్బందీ అయ్యాయి. శ్రీకాకుళం జిల్లా తీరం సుమారు 190 కిలోమీటర్లు. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నంలో మెరైన్ పోలీసు స్టేషన్ ఉంది. అయితే ఒక స్టేషను కన్ను ఎంత దూరం చూస్తుంది? తెల్లవారుజామున వల వేయడానికి వెళ్లే మనిషికి తన ఊరి పడవ ఏదో, పరాయి పడవ ఏదో దూరం నుంచే తెలుస్తుంది. పరాయి పడవ కనబడితే మెరైన్ పోలీసుల నంబరు 1093, కోస్ట్‌గార్డ్ నంబరు 1554.