ఆ వేలు ఎవరి వైపు?

రాజకీయ ప్రచారం గురించి పాఠం చెప్పేటప్పుడు నేను ఒక పోస్టరు చూపిస్తుంటాను. 2014 ఐరోపా పార్లమెంటు ఎన్నికల్లో బ్రిటన్‌లోని యూకిప్ పార్టీ వేసిన పోస్టరది. ఐరోపాలో 2 కోట్ల 60 లక్షల మంది పని వెతుక్కుంటున్నారని చెప్పి, వారి కన్ను ఎవరి ఉద్యోగాల మీద ఉందని అది అడుగుతుంది. జవాబు రాయలేదు. చూసేవారి ముఖానికి గురిపెట్టిన చూపుడువేలే జవాబు.

'ఇది ద్వేషం' అని విద్యార్థులు వెంటనే అంటారు. నిజమే. కానీ అక్కడే ఆగిపోతే పోస్టరును ఖండించినట్టే గానీ చదివినట్టు కాదు. ముందు అంకె చూడాలి. ఆ 2 కోట్ల 60 లక్షలు నాటి 28 సభ్య దేశాల మొత్తం నిరుద్యోగుల లెక్క. అందులో బ్రిటన్ నిరుద్యోగులూ ఉన్నారు. అంటే పని లేని బ్రిటిష్ కార్మికుడిని అతని మీదికే వస్తున్న గుంపులో కలిపి లెక్కగట్టారు! అదే ప్రచారంలోని మరో పోస్టరులో, హెల్మెట్ పెట్టుకున్న భవన నిర్మాణ కార్మికుడు వీధిలో కూర్చుని అడుక్కుంటూ ఉంటాడు. చౌక విదేశీ శ్రమ వల్ల దెబ్బతిన్న స్వదేశీయుడన్నమాట. ఆ వేషం కట్టిన నటుడు ఐర్లాండ్ నుంచి వచ్చిన వలసదారుడని పత్రికలు బయటపెట్టాయి. అయినా ఆ ఎన్నికల్లో బ్రిటన్‌లో మొదటి స్థానం యూకిప్‌దే. పోస్టర్లే గెలిపించాయని నేను అనను. అబద్ధం బయటపడినంత మాత్రాన పోస్టరు చచ్చిపోదన్నది మాత్రం స్పష్టం.

2016 జూన్ 16న, బ్రెగ్జిట్ రెఫరెండానికి వారం ముందు, నైజెల్ ఫరాజ్ ఆవిష్కరించిన పోస్టరు చూడండి. బారులు తీరి నడుస్తున్న శరణార్థుల ఫొటో అది. 2015లో స్లొవేనియా సరిహద్దు దగ్గర తీసినది. వారు ఐరోపా యూనియన్ పౌరులు కారు కనుక, యూనియన్‌లోని స్వేచ్ఛా సంచార హక్కు వారికి వర్తించదు. కానీ పోస్టరుకు చట్టంతో పనిలేదు, ఒంటి రంగు చాలు. 'మన ఉద్యోగం' అన్న మాటలో 'ఉద్యోగం' కన్నా 'మన' అన్నదే బరువైన పదమని అక్కడ తేలిపోయింది. వేతనాలు పడిపోతాయన్న కార్మికుని భయం బూటకం కాదు. అయితే ఆ వేతనాన్ని నిర్ణయించే యజమాని ఏ పోస్టరులోనూ కనిపించడు.

ఈ వ్యాకరణం మనకు కొత్తదా? 1990 ఆగస్టు 7న, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో వెనుకబడిన తరగతులకు 27 శాతం రిజర్వేషన్ అమలు చేస్తామని ప్రధాని వి.పి. సింగ్ ప్రకటించారు. నిరసనగా అగ్రవర్ణ విద్యార్థులు రోడ్లు ఊడ్చారు, బూట్లు పాలిష్ చేశారు. ప్లకార్డులతో పాటు ఆ దృశ్యమూ ఒక పోస్టరే. 'మా ఉద్యోగం వాళ్లకిస్తే మాకు మిగిలేది ఇదే' అన్నది దాని భావం. వీధులు ఊడ్చే పనిలో తరతరాలుగా ఉన్నది ప్రధానంగా దళితులే. ఆ పనిని తమ నుంచి ఎవరో లాక్కున్నారని ఏ అగ్రవర్ణమూ ఎన్నడూ వాపోలేదు. కులం పనిని మాత్రమే కాక పనిచేసేవారినే మెట్లుమెట్లుగా విడదీస్తుందని అంబేడ్కర్ 1936లోనే తేల్చిచెప్పారు. 1990 నాటి చీపురును చదవడానికి ఆ ఒక్క సూత్రం చాలు.

ఒకసారి తరగతిలో ఆ నిరసన ఫొటో చూపించినప్పుడు వెనుక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "మా నాయనమ్మ ముప్పై ఏళ్లు మునిసిపాలిటీలో ఊడ్చింది సార్. ఆమె చీపురు పట్టుకుంటే అది డ్యూటీ. వీళ్లు పట్టుకుంటే వార్త ఎట్లయింది?" అని అడిగింది. నా దగ్గర సిద్ధంగా ఉన్న వ్యాఖ్యానమంతా ఆ ప్రశ్న ముందు చిన్నబోయింది.

2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించినప్పుడు తెలుగు ఇళ్లలో ఆందోళన అలముకుంది. 'ప్రతిభతో వెళ్లినవాళ్లను ఉద్యోగాలు దోచుకునేవాళ్లంటారా?' అన్న ఆగ్రహం న్యాయమైనదే. కానీ అదే నోటితో 'రిజర్వేషన్ వాళ్లు మా సీటు కొట్టేశారు' అనే పెద్దమనుషులను నేను ఎరుగుదును. అక్కడ వేలు తమ వైపు తిరిగితే అది జాత్యహంకారం, ఇక్కడ తామే వేలు చూపిస్తే అది ప్రతిభా పరిరక్షణ! భర్తీ చేయని ఖాళీలు, కాంట్రాక్టు కొలువులు, అమ్ముడుపోయిన ప్రభుత్వ రంగ సంస్థలు ఈ పోస్టరులో కూడా కనిపించవు.

అందుకే ఈ ఏడాది అసైన్‌మెంటు మార్చాను. 2014 నాటి బ్రిటన్ పోస్టరును, 1990 నాటి చీపురు ఫొటోను పక్కపక్కన పెట్టి, ఆ రెండింటిలోనూ కనిపించని మనుషులెవరో రాయమన్నాను. వెనుక బెంచీ జవాబుల కోసం ఎదురుచూస్తున్నాను.